పువ్వులో ఎడమ సగం

కొత్తవాడలో అబ్దుల్ కరీం నోటికి జడవని మనిషి లేడు. అరవై ఎనిమిదేళ్ళ వయసు. అందులో యాభై ఏళ్ళు జంపఖానాలు నేసిన చేతులు. ఆ చేతులకంటే పదునైన నాలుక. పక్క గల్లీ వాళ్ళ నేత చూసి "గిది జంపఖానానా, గోనెపట్టనా?" అని మొహం మీదే అడిగేవాడు. పెళ్ళికి పిలిస్తే బిర్యానీ రెండు ముద్దలు నోట్లో పెట్టుకుని, వండినవాడి ఊరు కనుక్కుని మరీ పెదవి విరిచేవాడు. లోకంలో పని వచ్చినవాడు ఒక్కడే ఉన్నాడని, వాడు తానేనని ఆయన గట్టి నమ్మకం.

అలాంటి మనిషిని తీసుకుపోయి మడికొండలో ఒక కంపెనీ వాళ్ళు అద్దాల గదిలో మగ్గం ముందు కూర్చోబెట్టారు. నెత్తికి తీగల టోపీ తొడిగారు. చుట్టూ నాలుగు కెమెరాలు పెట్టారు. పెట్టి, "ఉస్తాద్ గారూ, నేస్తున్నప్పుడు మీ మనసులో ఏమనిపిస్తుందో అది పైకి చెప్పండి" అన్నారు.

అన్నది విన్సెంట్. గడ్డం నున్నగా గీసుకుని, మెడలో కార్డు వేలాడేసుకుని తిరిగే నలభై ఏళ్ళ మనిషి. మనసు అంటే ఏమిటో పరిశోధన చేసి డాక్టరేటు తెచ్చుకున్నాడట. అది తేల్చడానికి ఆరేళ్ళు పట్టిందట. ఆరేళ్ళలో తాను మూడు వందల జంపఖానాలు నేశానని కరీం లెక్క వేసుకుని, ఆ డాక్టరేటు మీద ఉన్న కాస్త గౌరవం కూడా వదులుకున్నాడు.

"అనిపిస్తాంది," అన్నాడు కరీం, పోగు అందుకుంటూ. "గీ కుర్చీ చేసినోనికి నడుము లేనట్టుందని అనిపిస్తాంది."

వెనక బల్ల మీద ఇద్దరు పిల్లలు టకటకా టైపు చేసుకున్నారు. ఎదురుగా ఉన్న తెర వెలిగింది. "నాకు అర్థమైంది, ఉస్తాద్," అంది తియ్యగా.

"ఏం అర్థమైందే నీకు, నా మొహం!" అన్నాడు కరీం. ఆ ముక్క కూడా టైపు అయిపోయింది.

సంగతేమిటంటే, కొత్తవాడ నేత సొసైటీ వాళ్ళు కొత్తగా ఒక షెడ్డు కట్టించారు. ఇరవై మంది ఆడపిల్లలకు జంపఖానాల పని నేర్పించాలని. నేర్పేందుకు మనిషి కాదు, మిషన్. మగ్గానికి ఒక తెర బిగిస్తారు, అది నేసే పిల్లను చూస్తూ, మాట్లాడుతూ, తప్పు చేస్తే దిద్దుతూ నేర్పుతుంది. మాట కరీం గొంతు, పని కరీం పని. అందుకు బదులుగా షెడ్డు గుమ్మం మీద బోర్డు: ఉస్తాద్ అబ్దుల్ కరీం శిక్షణ కేంద్రం. శుక్రవారం ప్రారంభం.

ఆ బోర్డు కోసమే కరీం టోపీ పెట్టుకున్నాడు. దాచుకోవడమెందుకు, ఆ బోర్డనగానే ఆయనకు ప్రాణం లేచొచ్చింది. ఆయనకు పని నేర్పిన బాబాయి, ఆ బాబాయికి నేర్పినాయన, అందరూ గోడలకానుకుని దగ్గుతూ పోయినవాళ్ళే. ఏ ఒక్కరి పేరూ ఒక్క ఇటుక మీద లేదు. తన పేరు ఉండాలి. ఊళ్ళో వాళ్ళు ఆ బోర్డు కింద నుంచి తల వంచుకుని లోపలికి పోవాలి. ఇంతే ఆయన కోరిక.

కంపెనీ యజమాని కిషన్ రావు, మాట్లాడుకోవడానికి కరీం ఇంటికి వచ్చిన మొదటి రోజే అడిగాడు. "జంపఖానా వెడల్పుది కదా, మగ్గం మీద ఇద్దరు కూర్చుంటారట కదా? మీ జోడీని కూడా తీసుకురావాలా?"

వెడల్పు జంపఖానాకు ఇద్దరే కూర్చోవాలి. కుడి సగం ఒకరిది, ఎడమ సగం ఒకరిది. నలభై ఏళ్ళుగా కరీం కుడిపక్క, గట్టయ్య ఎడమపక్క. గట్టయ్య పెద్దగా మాట్లాడే రకం కాదు. ఆ మాట అడిగినప్పుడు అక్కడే మగ్గం దగ్గర కూర్చుని, పోగులు దగ్గరికి కొట్టే ఇనుప పంజాను గుడ్డతో తుడుస్తున్నాడు.

"వాడెందుకు సార్?" అన్నాడు కరీం. "నేను లెక్క చెప్తా, వాడేస్తడు. వాడు నా ఎడమ చెయ్యసొంటోడు. చేతికి వేరే బుర్ర ఉంటదా?"

గట్టయ్య పంజా తుడవడం ఆపలేదు. తుడిచి, గోడకు తగిలించి, చెప్పులు వేసుకుని ఇంటికి పోయాడు.

మడికొండలో మూడు రోజులు గడిచాయి. కరీంకు అక్కడ నచ్చినది ఒక్కటంటే ఒక్కటి లేదు. చాయ్ కాగితం గ్లాసులో ఇస్తారు, అదీ సగమే. గదిలో చలి. విన్సెంట్ ఊరికే ఉండడు. ప్రతి పోగుకూ "ఇప్పుడేమనిపించింది?" అని అడుగుతాడు. పదిసార్లడిగితే కరీంకు పదిసార్లూ వాణ్ణి తన్నాలని అనిపించింది. మర్యాద మనిషి కాబట్టి తొమ్మిదిసార్లు చెప్పలేదు.

రెండోనాడు కిషన్ రావు వచ్చి బల్ల మీద ఎక్కి కూర్చున్నాడు. యజమానికి కుర్చీలు పనికిరావు కాబోలు. "మిషన్‌కు మనసు ఉందా లేదా అని జనం అడగరు ఉస్తాద్ గారు. ఉన్నట్టు అనిపిస్తే చాలు. ఉస్తాద్ లాగ మాట్లాడి, ఉస్తాద్ లాగ నేర్పితే అది ఉస్తాదే."

"గట్లనా?" అన్నాడు కరీం. "మా గల్లీల ఒక చిలక సలామలేకుం అంటది. దాన్ని పెండ్లి సంబంధం మాట్లాడనీకి పంపుదమా?"

కిషన్ రావు పకపకా నవ్వాడు. ఈయన చాలా నేచురల్ అని పిల్లలతో అన్నాడు. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమనే రకమని కరీం తేల్చేశాడు.

విన్సెంట్ మాత్రం నవ్వలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని, చిన్నపిల్లవాడికి చెప్పినట్టు చెప్పాడు. "చూడండి. మీ తలలో ఒక నక్షా ఉంది. ఎన్ని పోగులు, ఎక్కడ మలుపు, ఏ రంగు, అంతా లెక్క. మనసంటే ఆ లెక్కే. దాన్ని బయటికి తీసి తెరలో పెట్టామనుకోండి, అక్కడా ఉండేది మీరే."

చిత్రమేమిటంటే ఈ ఒక్క మాటలో కరీంకు వంక దొరకలేదు. ఉన్నదంతా తన తలలోనే ఉందని ఆయనకూ నమ్మకమే. మూడు రోజులు తిట్టుకుంటూనే ఆ తల విప్పి పెట్టాడు. నడుమ వచ్చే ఎనిమిది రేకుల పువ్వు, రేకుకు ఇరవై నాలుగు వరుసలు, అటు సగం తానూ ఇటు సగం జోడీ. లెక్క పోకుండా చెప్పాడు. మిషన్ ప్రతిదానికీ అర్థమైందంది.

మూడోరోజు పరీక్ష. కుడిపక్క కరీం, ఎడమపక్క ఆయన మనవరాలు ఆఫ్రీన్. షెడ్డులో నేర్చుకోబోయే ఇరవై మందిలో ఆమె ఒకతి. చెయ్యి చురుకైన పిల్ల, నోరు తాతదే. తెర కరీం గొంతుతో వరుస వరుసా చెబుతుంటే ఆఫ్రీన్ తప్పు పోకుండా వేసింది. ఇరవై నాలుగుకు ఇరవై నాలుగు. ఒక రేకు పూర్తయ్యేసరికి పువ్వు నడిమికి చీలినట్టయింది. కుడి సగం కిందికి, ఎడమ సగం వేలెడు పైకి. రెండు సగాలూ ఒకదాని మొహం ఒకటి చూసుకోవడం లేదు.

"ఏం కొడుతున్నవే? పంజా పట్టుడు గట్లనా?" అని మనవరాలి మీద లేచాడు కరీం.

"నేను మంచిగనే కొట్టిన దాదా. నువ్వే దబదబ కొడ్తానవ్."

విప్పి మళ్ళీ నేశారు. మళ్ళీ అంతే. పోగు మంచిది కాదన్నాడు. ఏసీ గాలికి నూలు బిగుసుకుందన్నాడు. మగ్గం వంకరగా బిగించారన్నాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు అన్నిటినీ తిట్టాడు. మూడోసారీ పువ్వు చీలింది. ఆయనకు తిట్టడానికి ఇంకేదీ మిగల్లేదు.

విన్సెంట్ కళ్ళు మాత్రం మెరిశాయి. చీలిన పువ్వు మీదికి వంగి, ఫోటో తీసి, "భలే ఇంట్రెస్టింగ్! ఇది మీ తలలో లేదన్నమాట" అన్నాడు.

"నా తలల లేకుంటే నీ తలల ఉన్నదా?"

"ఎక్కడో ఉండాలి. వెతకడానికి టైం లేదు, ఎల్లుండే శుక్రవారం." కిషన్ రావుతో ఐదు నిమిషాలు గుసగుసలాడి తిరిగొచ్చాడు. "సమస్య తీరిపోయింది. నడుమ పువ్వు తీసేస్తున్నాం. అటు సగంలో ఒక చిన్న పువ్వు, ఇటు సగంలో ఒక చిన్న పువ్వు పెడతాం. రెండూ కలవాల్సిన పనే ఉండదు. మీ బోర్డుకేం ఢోకా లేదు."

ఇంటికి ఎలా చేరాడో కరీంకు గుర్తు లేదు. మనవరాలు స్కూటీ మీద తెచ్చి దింపింది. పొద్దు ఇంకా గుంకలేదు. పెట్టెలోంచి పాత జంపఖానా తీయించాడు, తానూ గట్టయ్యా ఇరవై ఏళ్ళ కింద నేసింది. వాకిట్లో పరిచాడు. నడుమ ఎనిమిది రేకుల పువ్వు ఎక్కడా వెంట్రుకంత వంకర లేకుండా కూర్చుని ఉంది. మోకాళ్ళ మీద వంగి వరుసలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. కుడి సగంలో ఇరవై నాలుగు. మళ్ళీ ఇరవై నాలుగు. తన సగంలోని ఏ రేకులోనూ లెక్క తప్పలేదు.

ఎడమ సగం లెక్కపెట్టాడు. మొదటి రేకులో ఇరవై మూడు. రెండోదాంట్లో ఇరవై రెండు. తర్వాత ఇరవై నాలుగు. ఆ తర్వాత మళ్ళీ ఇరవై ఒకటి. కళ్ళజోడు తుడుచుకుని ఇంకోసారి లెక్కపెట్టాడు. అంతే.

"వీడు లెక్క తప్పిండు," అన్నాడు పైకి.

"తప్పితే పువ్వెట్ల కలిసింది దాదా?" అంది ఆఫ్రీన్.

ఇంట్లో ఉన్న మరో రెండు పాతవి కూడా పరిపించాడు. వాటిల్లోనూ తనవి ఇరవై నాలుగే, గట్టయ్యవి మాత్రం ఏ రేకుకు ఆ రేకే. ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని, కూరలో ఉప్పు తక్కువైనా ఏమీ అనలేదు. ఇంట్లో వాళ్ళు ఒంట్లో బాగాలేదేమోనని దవాఖానకు పోదామా అన్నారు.

మర్నాడు పొద్దున్నే గట్టయ్య ఇంటికి పోయాడు. నాలుగు ఇళ్ళ అవతలే ఇల్లు. నలభై ఏళ్ళలో ఆ గడప ఎన్నిసార్లు తొక్కాడో వేళ్ళ మీద చెప్పొచ్చు, ఎప్పుడూ గట్టయ్యే వచ్చేవాడు కాబట్టి. గట్టయ్య అరుగు మీద కూర్చుని వేపపుల్ల నములుతున్నాడు. రమ్మనలేదు, పొమ్మనలేదు.

తప్పయిందని చెప్పడానికి పోయాడనుకుంటే పొరపాటు. కరీం పోయింది ఆ కిటుకు ఏమిటో కనుక్కుని, మడికొండకు పోయి తన మాటగా చెప్పేద్దామని. బోర్డు ఇంకా కళ్ళ ముందు ఊగుతూనే ఉంది మరి.

"గట్టయ్యా, నడుమ పువ్వు దగ్గర నువ్వు వరుసలు తగ్గిస్తానవ్. ఎందుకు?"

"తగ్గిస్తాన్ననా? నేను లెక్కపెట్టలే ఎన్నడు."

"లెక్కపెట్టకుంట ఎట్లేస్తవ్? జర యాది చేసుకో. నేసేటప్పుడు నీ మనసుల ఏమనిపిస్తదో చెప్పు."

అని, ఆ మాట తన నోట్లోంచి వచ్చినందుకు తనకే ఒళ్ళు మండింది. టోపీ ఒక్కటే తక్కువ.

గట్టయ్య వేపపుల్ల పక్కకు ఉమ్మేశాడు. "ఏమనిపిస్తది? నీ పంజా చప్పుడు వింట, గంతే. నీకు కోపమొచ్చిన్నాడు నీ చెయ్యి బరువైతది. వరుసలు అణుగుతయ్. నీ సగం కిందికి దిగుతది. అప్పుడు నా దిక్కు ఒక వరుస తక్కువేస్తా. మస్తు కోపమొస్తే రెండు తక్కువేస్తా. నీ బిడ్డ పురుడు పోసుకునే నాడు నీ చెయ్యి ఒణికింది, ఆనాడు నేనూ అల్కగ కొట్టిన. మీ అన్నతోని లొల్లయిన యాడాది ఇరవైకి దిగిన. నీ సగం ఏ రోజు సరింగున్నది కరీం భాయ్? నీకు కోపం రాని రోజేది?"

మూడు రోజులు కరీం నెత్తికి తీగలు చుట్టి, నాలుగు కెమెరాలు పెట్టి చదువుకున్నవాళ్ళు కనుక్కోలేని మనసు, పక్కన కూర్చున్నవాడికి చప్పుడులో వినిపించింది. నలభై ఏళ్ళు ప్రతి రోజూ వినిపించింది. తన తప్పును వాడు రోజూ దిద్దుతుంటే, తాను రోజూ వాణ్ణి తిట్టాడు. సిగ్గు ముంచుకొచ్చింది. సిగ్గుపడటం అలవాటు లేని మనిషి కావడంతో అది కోపంగా బయటికి వచ్చింది.

"మరి ఒక్కనాడన్న చెప్పినవా నాకు?"

"చెప్తే ఇంటుంటివా?" అన్నాడు గట్టయ్య. "నీ మనసు నాకు ఎరుకే. నా మనసుల ఏమున్నదో నలభై ఏండ్లల ఒక్కసారన్న అడిగినవా? ఇయ్యాల అడిగినవ్. అదన్నా నా కోసం కాదు, బోర్డు కోసం. పోయి రాయించుకో నీ పేరు. చేతికి బుర్రుండదు కదా."

లోపలికి పోయి తలుపు దగ్గరికి వేసుకున్నాడు.

శుక్రవారం షెడ్డు ముందు షామియానా, లోపల మైకు, ప్లాస్టిక్ కుర్చీలు. గుమ్మం మీద బోర్డుకు పసుపు గుడ్డ కప్పి దారం వేలాడదీశారు. సొసైటీ అధ్యక్షుడు సాంబయ్య కొత్త ఖద్దరు చొక్కాతో వచ్చాడు. ఆయనా ఒకప్పుడు నేసినవాడే, ఇప్పుడు దండలు వేయించుకోవడమే పని. కరీంను మగ్గం ముందు బల్ల మీద కుడిపక్క కూర్చోబెట్టి ఫోటోలు తీశారు. ఎడమపక్క ఎవరూ లేరు, అక్కడ ఫోటో కోసం ఒక తెర పెట్టారు.

ఆఫ్రీన్, ఇంకో పిల్ల వేరే మగ్గం మీద నేసి చూపించారు. ఆ మగ్గం తెర కరీం గొంతుతో చెప్పింది. రెండు సగాల్లో రెండు చిన్న పువ్వులు వచ్చాయి, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా. జనం చప్పట్లు కొట్టారు. సాంబయ్య అందరికంటే గట్టిగా కొట్టాడు. నడుమ పువ్వు ఏమైందని అడిగినవాడు ఒక్కడూ లేడు. కొత్తవాడలో! యాభై ఏళ్ళు పువ్వు చూసి నేత ఎవరిదో చెప్పిన వాడలో! వీళ్ళ కోసమా నేను టోపీ పెట్టుకున్నది అనుకున్నాడు కరీం.

కిషన్ రావు మైకు అందించాడు. "ఉస్తాద్ గారు రెండు మాటలు చెప్తారు."

కరీం మైకు పట్టుకున్నాడు. తలుపు దగ్గర, అందరి వెనక, చేతులు కట్టుకుని నిలబడ్డ గట్టయ్య కనిపించాడు. సొసైటీ సభ్యుడు, రావాలి కాబట్టి వచ్చాడు.

"గా మిషన్ చెప్పేది తప్పు," అన్నాడు కరీం. "దానికి నేనే తప్పు చెప్పిన. నడుమ పువ్వు నాకు రాదు. ఎన్నడూ రాలే."

సాంబయ్య మురిసిపోయి చప్పట్లు కొట్టాడు. అందరూ అందుకున్నారు. విన్సెంట్ రెండో మైకు తీసుకుని, "చూశారా, ఇదీ వినయమంటే! అన్నీ తెలిసినవాడే ఏమీ తెలియదంటాడు" అన్నాడు. ముందు వరుసలో ఎవరో కళ్ళు కూడా తుడుచుకున్నారు.

యాభై ఏళ్ళుగా నోటికొచ్చినట్టు మాట్లాడిన మనిషి, ఆ ఒక్కరోజు నిజం మాట్లాడితే నమ్మే దిక్కు లేదు. "వినయం గాదు, నీ తలకాయ!" అని అరిచాడు కరీం. దానికి నవ్వులు కూడా వచ్చాయి. మైకు పక్కన పడేసి, తన పక్కనున్న తెరను రెండు చేతులా ఎత్తి నేల మీద పెట్టాడు. బల్ల మీద ఎడమపక్క ఖాళీ అయింది.

"గట్టన్నా," అన్నాడు. జన్మలో మొదటిసారి అన్నా అన్నాడు. "రా. వచ్చి కూసో. చూపిద్దాం వీళ్ళకు."

జనం తలలు తలుపు వైపు తిరిగాయి. గట్టయ్య కట్టుకున్న చేతులు విప్పాడు. వస్తాడనే అనిపించింది.

"నలభై ఏండ్లు కూసున్న కరీం భాయ్," అన్నాడు. "ఇగ చాలు."

తిరిగి బయటికి నడిచాడు. తొందరగా కాదు, రోజూ ఇంటికి పోయినట్టే పోయాడు.

కుర్చీలు కిర్రుమన్నాయి. సాంబయ్య దగ్గి, ప్రోగ్రాం ముందుకు నడపమని కిషన్ రావుకు సైగ చేశాడు. నేర్చుకోవడానికి వచ్చిన ఇరవై మంది పిల్లలూ కరీం మొహం చూస్తున్నారు. తిడతాడేమోనని చూస్తున్నారు. తిట్టాలనే ఉంది ఆయనకు. కానీ ఎవరిని తిట్టాలో ఈసారి తెలిసింది, ఆ మనిషి తానే, పైకి తిట్టుకోలేడు.

"నన్నేం చూస్తాన్రు?" అన్నాడు పిల్లలతో. "పువ్వు వచ్చేటాయన గా పోతాండు. ఉరకండ్రి. తిడ్తే పడుండ్రి, పొమ్మంటే గడపల కూసోండ్రి. ఆయన పక్కన కూసోకుంటే మీకు పని రాదు."

ముందు ఆఫ్రీన్ లేచింది. "మరి నువ్వు దాదా?"

"నా పక్కన కూసుని ఏం నేర్సుకుంటరే? కోపమా?"

ఆఫ్రీన్ చెప్పులు వెతుక్కుని బయటికి పరుగెత్తింది. ఆమె వెనక ఇద్దరు, వాళ్ళ వెనక నలుగురు, ఆఖరికి గుంపంతా. కిషన్ రావు కంగారుపడి, ఫోటోలు ఇంకా అయిపోలేదని అరుస్తూ గుమ్మం దాకా పోయాడు. విన్సెంట్ ఏమీ అర్థం కాక, అలవాటుకొద్దీ ఫోనులో రాసుకున్నాడు. గల్లీ మలుపు దగ్గర పిల్లల కేకలు వినిపించాయి, "గట్టయ్య తాతా, జర ఆగు!" అని.

ఆగాడో లేదో కరీంకు కనబడలేదు. ఆయన మగ్గం ముందే కూర్చుండిపోయాడు. గొప్పగా ఏదో ఆలోచిస్తూ కూర్చున్నాడని అక్కడివాళ్ళు తర్వాత చెప్పుకున్నారు. అదేం కాదు. మోకాళ్ళు పట్టేసి లేవలేకపోయాడు, నలభై ఏళ్ళుగా చెయ్యి పట్టుకుని లేపేవాడు ఎడమపక్కన లేడు.